చిల్లు పడిన గుల్ల నుంచి చిల్లు పెట్టిన నత్త దాకా: గోదావరి తీరంలో చందమామ నత్తను తెలుసుకునే విధానం

అంతర్వేది కల్యాణానికి వెళ్లిన పిల్లలు రథం కదలడం చూశాక సముద్రపు ఒడ్డుకు పరుగెత్తి గుల్లలు ఏరుకోవడం మా కోనసీమలో తరతరాలుగా జరుగుతున్నదే. అలా ఏరిన గుల్లల్లో కొన్నింటికి, వడ్రంగి బరమాతో పెట్టినంత గుండ్రంగా, ఒక్కటంటే ఒక్క చిల్లు ఉంటుంది. చిన్నప్పుడు మేము వాటినే ప్రత్యేకంగా వెతికి దారానికి గుచ్చి దండలు చేసుకొనేవాళ్లం. చిల్లు ఎలా వచ్చిందని అడిగితే, దండ గుచ్చుకోవడానికి వీలుగా సముద్రమే పెట్టి పంపిందని మా అమ్మమ్మ చెప్పేది. ఆ చిల్లు సముద్రం పెట్టింది కాదనీ, ఇసుక కింద తిరిగే ఒక మాంసాహార నత్త పెట్టిందనీ, మేము మెడలో వేసుకున్న ప్రతి గుల్లా ఒక వేటకు మిగిలిన ఆనవాలనీ నాకు తెలిసేసరికి చదువు కూడా పూర్తయిపోయింది.

ఆ నత్తను ఇంగ్లీషులో మూన్ స్నెయిల్ అంటారు కనుక ఇక్కడ చందమామ నత్త అని పిలుస్తాను. దానిని చూడాలని ఒడ్డుకు వెళ్లేవారికి నేను ముందుగా చెప్పే మాట ఒకటే: మొదట నత్తను వెతకవద్దు, అది చేసిన పనిని వెతకండి. నత్త పగలంతా ఇసుకలో దాగి ఉంటుంది కాబట్టి ఎంత ఓపికగా తిరిగినా కంటపడకపోవచ్చు. చిల్లు పడిన గుల్ల మాత్రం ఏ రోజు వెళ్లినా దొరుకుతుంది, పైగా వేటాడింది ఎవరో, ఎంత పెద్దదో, వేట ఫలించిందో లేదో ఆ చిల్లే చెబుతుంది.

ముందుగా ఈ నత్త ఎవరో కొద్దిగా

చందమామ నత్తలు నాటిసిడే అనే కుటుంబానికి చెందినవి. శంఖంలా కోసుగా పొడుగ్గా కాక, గోళీలా గుండ్రంగా, నున్నగా మెరుస్తూ ఉండే గుల్ల వీటి గుర్తు. మన తూర్పు తీరంలో కనిపించే వాటిలో చిరుతపులి చర్మంలా గోధుమరంగు చుక్కలున్న నాటికా టిగ్రినా ఒకటి; చపటగా, వెడల్పుగా పెరిగే నెవెరిటా డిడైమా మరొకటి; పాలరాతిలా తెల్లగా ఉండే పోలినిసెస్ జాతివి కూడా ఉన్నాయి. చేతికి ఖాళీ గుల్ల దొరికితే, దాని నోటికి అడ్డుగా ఉండే మూత కూడా దగ్గరలో ఉందేమో చూడండి. నాటికా జాతుల మూత సున్నపు పదార్థంతో గట్టిగా, పింగాణీ ముక్కలా ఉంటుంది. పోలినిసెస్ వర్గపు మూత గోరులాంటి పదార్థంతో పలుచగా, వంగేలా ఉంటుంది. రంగులు ఎండకు వెలిసిపోయినా మూత మోసం చేయదు.

గుల్ల నున్నగా ఉండటానికి కారణం దాని నడక. ఈ నత్త తన పాదంలోకి సముద్రపు నీటిని నింపుకొని, గుల్లకన్నా ఎన్నో రెట్లు పెద్దదయ్యేలా దానిని ఉబ్బించి, ఆ మాంసపు దుప్పటితో తలనూ గుల్లనూ చాలావరకు కప్పుకొని, నాగలి కర్రు దుక్కిలో దిగినట్టు ఇసుకలో దిగిపోతుంది. ఇసుక రాపిడి గుల్లకు తగలదు కనుక మెరుపు చెడదు. ఇసుకలో తిరిగే దానికి చూపుతో పనిలేదు; చాలా జాతుల్లో కళ్లు చర్మం కింద మరుగున పడిపోయాయి. ఎర ఎక్కడుందో దానికి నీటిలో కలిసి వచ్చే వాసన వల్ల తెలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి

మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక ఆటుకూ తరువాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కాబట్టి, ఈరోజు నీరు వెనక్కు తీసిన వేళకన్నా రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా తీస్తుంది. పౌర్ణమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికన్నా ఎక్కువ దూరం వెనక్కు పోతుంది. అష్టమి దాటిన రోజుల్లో తేడా తక్కువ. కనుక పంచాంగం చూసి తిథిని ఎంచుకోండి, గడియారపు వేళను మాత్రం ఆ ఊరి చేపల వేటగాళ్లను అడిగి లేదా హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ప్రకటించే ఆటుపోట్ల అంచనాలు చూసి నిర్ణయించుకోండి. ఆటు పూర్తయ్యే సమయానికి గంటన్నర ముందు ఒడ్డుకు చేరి, వెనక్కు పోతున్న నీటి వెంట నడిచి, నీరు తిరిగి రావడం మొదలుకాగానే మీరు కూడా తిరిగి రావాలి. అంతర్వేది రథోత్సవం భీష్మ ఏకాదశి నాడు జరుగుతుంది. తీర్థానికి వచ్చినవారు మాఘ పౌర్ణమి దాకా ఆ చుట్టుపక్కల ఉండగలిగితే పండుగ, పెద్ద ఆటు రెండూ కలిసి వస్తాయి.

కాలం విషయంలో మన డెల్టాకు ఒక ప్రత్యేకత ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం దాటి వచ్చే వరద నీరు గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల ముఖద్వారాల దగ్గర సముద్రపు ఉప్పదనాన్ని బాగా తగ్గించేస్తుంది. సముద్రపు నత్తలకూ గుల్లలకూ ఇది కష్టకాలం. లోతుగా దిగగలిగినవి దిగుతాయి, కొన్ని చనిపోతాయి. వరదల తరువాత ఒడ్డున గుల్లలు కుప్పలుగా కనిపించినా, వాటిలో వేటకు బలైనవెన్ని, మంచినీటికి బలైనవెన్ని అన్నది చిల్లు చూస్తేనే తెలుస్తుంది. ఆ తరువాత తుపాన్ల రోజులు. అందువల్ల నవంబరు చివరి నుంచి మార్చి దాకా, సముద్రం నెమ్మదించి నీరు తేరుకున్న రోజులను నేను ఎంచుకుంటాను.

స్థలాల్లో అంతర్వేది, ఓడలరేవు ఇసుక ఒడ్డులు కొత్తవారికి అనువైనవి. ఉప్పాడ దగ్గర కోతను ఆపడానికి వేసిన బండరాళ్లు ఉన్నాయి కనుక అక్కడ ఇసుక నత్తలతో పాటు రాతి మీద బతికే వేట నత్తలను కూడా పోల్చి చూడవచ్చు. కాకినాడకు ఎదురుగా, గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరంగా కొట్టుకుపోయి ఏర్పడిన హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగుతుంది; అక్కడికి పడవ మీద వెళ్లే ముందు అటవీ శాఖ నియమాలు తెలుసుకోవాలి, పైగా శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి కాబట్టి ఆ ఇసుకను తవ్వకూడదు. 235 చదరపు కిలోమీటర్ల పైన ఉన్న కోరింగ అభయారణ్యంలో ఏదీ ఏరకూడదు. చూసి, ఫోటో తీసి, ఉన్నచోటే ఉంచాలి.

కాకినాడ ఖాతం వైపు ఒడ్డు ఇసుక కాదు, మోకాలు దాటే బురద. దారి తెలిసిన స్థానికుడు లేకుండా అందులో దిగవద్దు. నీటిలో నడవవలసి వస్తే పాదాలను ఎత్తి వేయక ఇసుక మీద ఈడుస్తూ నడవండి. అలా నడిస్తే అడుగున పడుకున్న టేకు చేప అలికిడి విని తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది.

చిల్లును చదవడం

వెంట ఒక జల్లెడ, పాత టూత్‌బ్రష్, భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, నోటుపుస్తకం ఉంటే చాలు. గుల్లలను మంచినీటిలో కడిగి బ్రష్‌తో ఇసుక తీయండి. ఆమ్లం, వెనిగర్ వంటివి వాడవద్దు. అవి చిల్లు అంచును కరిగించి, మీరు చదవవలసిన రాతను చెరిపేస్తాయి.

ఇప్పుడు చిల్లును పైనుంచి కాక పక్క నుంచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చూడండి. చందమామ నత్త పెట్టిన చిల్లు బయటి వైపు వెడల్పుగా, లోపలి వైపు ఇరుకుగా, చిన్న గరాటులా లేదా ప్రమిద గుంటలా వాలుగా దిగుతుంది. బయటి అంచు చక్కని వలయంగా ఉంటుంది. రాళ్ల మీదా, ముత్యపుచిప్పల గుంపుల మీదా బతికే మ్యూరెక్స్, థాయిస్ వంటి నత్తలు కూడా చిల్లు పెడతాయి గాని, వాటి చిల్లు గోడలు దాదాపు నిటారుగా, గొట్టంలా దిగుతాయి. ఉప్పాడ బండల మీద ముళ్లూ బొడిపెలూ ఉన్న గరుకు నత్తలను చూసి, అక్కడి చిప్పల చిల్లులను ఇసుక ఒడ్డున దొరికిన గుల్లల చిల్లులతో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఒక్కసారికే కంటికి పట్టుబడుతుంది. నేను దీన్ని పిల్లలకు నేర్పేటప్పుడు గుండుసూదిని చిల్లులో పెట్టి చుట్టూ వాల్చి చూడమంటాను: సూది వాలుగా ఆనితే ఇసుక నత్త, నిటారుగా నిలిస్తే రాతి నత్త.

ప్రతి చిల్లూ నత్తది కాదన్నది ఇంతకన్నా ముఖ్యం. కాకినాడ ఖాతంలో పక్కటెముకల్లాంటి గట్లతో, లోపల నిజంగానే ఎర్రటి రక్తంతో ఉండే అనడారా గుల్ల ముక్కు (రెండు చిప్పలూ కలిసే కీలు దగ్గరి ఉబ్బు) దగ్గర అలల రాపిడికి అరిగి చిల్లు పడటం మామూలే. ఆ అరుగుదల గుల్లలో అన్నిటికన్నా ఎత్తయిన చోట వస్తుంది, అంచు ఆకారం లేకుండా పలచబడి ఉంటుంది, చుట్టూ ఉన్న గట్లు కూడా అరిగి ఉంటాయి. నత్త చిల్లు చుట్టూ గట్లు చెక్కుచెదరకుండా ఉండి, చిల్లు మాత్రం వాటిని కోసుకుంటూ పోతుంది. తేనెపట్టులా సన్నని రంధ్రాలు వరుసగా ఉంటే అవి గుల్లలో కాపురముండే స్పంజిక పని. సన్నని జంట రంధ్రాలు, లోపల మెలికలు తిరిగిన సొరంగం ఉంటే పురుగు పని. అంచు పగిలి పెచ్చులు లేచి ఉంటే పీత పని. ఆక్టోపస్ కూడా చిల్లు పెడుతుంది. అది చాలా చిన్నది, కోలగా, వంకరగా ఉంటుంది.

తరువాత చిల్లు ఎక్కడ పడిందో చూడండి. చందమామ నత్త ఎరను పాదంతో చుట్టి పట్టుకొనే తీరు ప్రతిసారీ ఇంచుమించు ఒకటే కనుక చిల్లులు కూడా ఒకేచోట గుమికూడుతాయి, చాలా గుల్లల్లో ముక్కుకు దగ్గరగా. ఒకే జాతి గుల్లలు యాభై తీసుకొని, నోటుపుస్తకంలో ఒకే బొమ్మ గీసి, ప్రతి గుల్ల చిల్లునూ ఆ బొమ్మ మీదే చుక్కగా పెడుతూ పోతే, చుక్కలన్నీ ఒక మూలకు చేరడం మీ కళ్ల ముందే జరుగుతుంది. నేను మొదటిసారి ఇలా గీసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. కళ్లు లేని జీవి, ఇసుక చీకటిలో, అంత కచ్చితంగా చోటు ఎంచుకోవడం నమ్మశక్యంగా అనిపించదు.

బయటి వలయపు వ్యాసం కొలిచి రాసుకోండి. నత్త పెద్దదయ్యేకొద్దీ చిల్లు పెద్దదవుతుంది కాబట్టి, మిల్లీమీటరు చిల్లు పిల్ల నత్తదనీ, నాలుగైదు మిల్లీమీటర్లది ఎదిగిన నత్తదనీ అనుకోవచ్చు. పూర్తికాని చిల్లులను పారేయకండి. చందమామ నత్త మధ్యలో వదిలేసిన చిల్లు గుంట అడుగున, నడుమ చిన్న బొడిపె లేచి ఉంటుంది. గుంట అంచుల దగ్గర ఎక్కువ తవ్వి నడుమ తక్కువ తవ్వడం వల్ల వచ్చే గుర్తు అది. ఆ గుల్ల ఆ పూట తప్పించుకుందన్నమాట. ఎర జారిపోయి ఉండవచ్చు, వేటాడుతున్న నత్తను మరొకటి కదిలించి ఉండవచ్చు. ఒకే గుల్లకు ఒక పూర్తికాని గుంట, ఒక పూర్తి చిల్లు రెండూ ఉంటే ఆ గుల్ల ఒకసారి బతికి మరొకసారి దొరికిపోయిందని అర్థం.

చందమామ నత్త గుల్లకే అలాంటి చిల్లు కనిపిస్తే పొరబడ్డామనుకోవద్దు. ఈ నత్తలు తమ జాతి నత్తలను కూడా అదే విధంగా పట్టి తింటాయి.

నిమ్మచుక్కతో ఒక పరీక్ష

ఇంత మెత్తని ప్రాణి రాయిలాంటి గుల్లను ఎలా తొలుస్తుందో ఇంటి దగ్గరే కొంత తెలుసుకోవచ్చు. పైపొర అరిగి తెల్లబడిన, ఖాళీ గుల్లను ఒకటి తీసుకొని, దాని మీద ఒక చుక్క నిమ్మరసం వేయండి. సున్నపు పదార్థం ఆమ్లానికి కరుగుతూ సన్నని బుడగలు లేస్తాయి. రెండు నిమిషాలు ఆగి, ఆ చోటును గుండుసూదితో గీకి, తుడిచి, మళ్లీ చుక్క వేయండి. రసం ఒక్కటే వేసి వదిలేసిన చోటునూ, రసం వేసి గీకిన చోటునూ పది పన్నెండు సార్ల తరువాత పోల్చండి. రెండోది తొందరగా లోతవుతుంది.

నత్త చేసేది ఈ రెండు పనులే, వంతులవారీగా. దాని తొండం కొస అడుగున ఒక గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథిని గుల్లకు ఆనించి ఉంచితే, దాని నుంచి ఊరే ఆమ్లమూ ఎంజైములూ సున్నపు స్ఫటికాల మధ్య పట్టును వదులు చేస్తాయి. తరువాత రాడ్యులా అనే, ఆకురాయిలా వరుసలు వరుసలుగా పళ్లున్న నాలుకతో ఆ మెత్తబడిన పొరను గీకేస్తుంది. మళ్లీ గ్రంథి, మళ్లీ నాలుక. గుల్లలను తొలిచే నత్తల మీద దశాబ్దాల పాటు పనిచేసిన అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు మెల్బోర్న్ కారికర్ వంటివారి పరిశీలనల వల్ల ఈ క్రమం మనకు తెలిసింది. నిమ్మరసంతో మీరు చేసిన గుంట అంచు చెరిగిపోయి వికారంగా ఉంటుంది, నత్తది కంపాసుతో గీసినట్టు ఉంటుంది. తేడాకు కారణం గ్రంథి తానున్న మేరకే ఆనడం, నాలుక దాని హద్దులోనే పనిచేయడం.

పని చాలా నిదానం. రోజంతా శ్రమిస్తే సుమారు అర మిల్లీమీటరు లోతు. మిల్లీమీటరున్నర మందం ఉన్న గుల్లకు మూడు రోజులు పట్టవచ్చు. ఆ మూడు రోజులూ నత్త ఎరను పాదంలో చుట్టి ఇసుక లోపలికి లాక్కుపోయి, అక్కడే ఉంచుకొని పనిచేస్తుంది. చిల్లు పడ్డాక తొండాన్ని లోపలికి దూర్చి మాంసాన్ని గీకి తింటుంది. ఇంత ఖర్చు ఉంది కనుకనే గుల్ల మందానికీ, దొరికే మాంసానికీ పొత్తు కుదిరే ఎరనే ఎక్కువగా ఎంచుకుంటుంది. పాదంలో చాలాసేపు చిక్కుకున్న గుల్ల ఊపిరాడక, చిల్లు పడకముందే నోరు తెరవడం కూడా ఉంది. అప్పుడు ఆనవాలేదీ మిగలదు.

లెక్క కట్టడం

చిల్లు గుల్లలు ఎక్కువగా ఉన్నాయా తక్కువగా ఉన్నాయా అన్నది కంటి అంచనాతో తేల్చవద్దు, ఎందుకంటే మన చేయి తెలియకుండానే అందమైన దాన్నీ చిల్లున్న దాన్నీ ఎంచుకుంటుంది. తాడుతో మీటరు చదరం వేసి, అందులో ఉన్న ఇసుకను జల్లెడ పట్టి, ఒక జాతి గుల్లలను అన్నింటినీ, పగిలిపోని వాటిని మాత్రం, తీసుకోండి. రెండు రెక్కల గుల్ల చనిపోయాక విడిపోయి రెండు చిప్పలవుతుంది. నత్త వాటిలో ఒకదానికే చిల్లు పెడుతుంది. కాబట్టి మొత్తం చిప్పలను సగం చేస్తేనే ప్రాణుల సంఖ్య వస్తుంది. 200 చిప్పలు దొరికి వాటిలో 18కి పూర్తి చిల్లు ఉందనుకుందాం: ప్రాణులు 100, వేటకు బలైనవి 18, అంటే నూటికి 18. దీన్ని మరచి 200తో భాగించి 9 అని రాసుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ఎడమ చిప్పలనూ కుడి చిప్పలనూ విడిగా కూడా లెక్కపెట్టండి. రెండింటి సంఖ్యలో పెద్ద తేడా ఉంటే అలలు ఒక రకాన్ని ఏరి తెచ్చి ఇక్కడ పోశాయని అనుమానించాలి. చిల్లున్న చిప్పా లేని చిప్పా నీటిలో ఒకే విధంగా కదలవు కనుక అలాంటి చోట లెక్క నమ్మదగినది కాదు. సున్నం బట్టీల కోసం పోసిన గుల్లల రాశులు చిల్లును గుర్తించడం నేర్చుకోవడానికి చాలా మంచివి, లెక్క కట్టడానికి పనికిరావు, ఎందుకంటే అందులో ఏ ఏటి గుల్లలు, ఏ చోటివి కలిశాయో చెప్పలేము.

ఈ లెక్కనే శిలాజాలు పరిశీలించేవారు కూడా కడతారు. చందమామ నత్తల చిల్లులు క్రెటేషియస్ అనే, రాకాసి బల్లుల చివరి యుగపు గుల్లల నుంచీ ఉన్నాయి. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, నదికి ఆవలి ఒడ్డున పంగిడి వైపూ లావా పొరల మధ్య చిక్కిన సున్నపురాతిలో దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి సముద్రపు గుల్లలు ఉన్నాయి. ఆ రాతి గుల్ల ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా మీ చేతికి వస్తే, దాని ముక్కు పక్కన గరాటు గుంట ఉందేమో భూతద్దం పెట్టి చూడండి.

బతికిన నత్తను చూడడం

ఇక నత్తను వెతకవచ్చు. సూర్యుడు వాలుగా ఉన్న వేళ, నీరు తీసి ఇంకా తడి ఆరని ఇసుక మీద, రెండు పక్కలా సన్నని గట్టు లేచిన బాట ఒకటి వంకరటింకరగా పోతుంటే దాని వెంట వెళ్లండి. బాట ఒక చిన్న దిబ్బ దగ్గర ఆగిపోతే నత్త ఆ దిబ్బ కిందే ఉంది. పైనుంచి పొడవకుండా, బెత్తెడు దూరంలో పక్క నుంచి నాలుగు వేళ్లు దించి ఇసుకతో సహా నెమ్మదిగా ఎత్తండి. పాదం విప్పారి ఉంటే గుల్ల దాదాపు కనబడదు, జిగురు ముద్ద చేతికి వచ్చిందనిపిస్తుంది. క్షణాలు గడిచేకొద్దీ అది నీటిని వదిలి, అంత పెద్ద పాదాన్ని గుల్లలోకి ముడుచుకొని మూత వేసుకుంటుంది. ఆ ముడుచుకోవడం దానికి శ్రమ. అలా మూసుకొని ఎక్కువసేపు ఉండలేదు. అందువల్ల దానిని సముద్రపు నీరున్న పళ్లెంలో ఒక్క నిమిషం చూసి, దొరికిన చోటే, తడి ఇసుక మీద వదలండి. పాదంలో గుల్ల పట్టుకొని ఉంటే అది వేటలో ఉందన్నమాట. విడదీయకుండా వెంటనే ఇసుక కప్పండి.

గుల్ల గబగబా నడుస్తూ కనిపిస్తే అది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి పీత. మంచి ఖాళీ గుల్లలను ఒడ్డున కొన్ని వదలమనడానికి కారణం కూడా అదే: అవి ఆ పీతలకు ఇళ్లు. అమ్మకానికి కనబడే గుల్లలు కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 2001లో కొన్ని సముద్రపు నత్తలనూ, కాకినాడ ఖాతంలో దొరికే, అద్దంలా పారదర్శకమైన గాజుచిప్పనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు.

ఒక్క నత్తను మాత్రం బతికి ఉండగా ఎప్పుడూ ముట్టుకోవద్దు. ఐస్‌క్రీం కోనులా, ఒక వైపు వెడల్పుగా మరో వైపు సన్నగా, నిలువు చీలిక నోరుతో, తరచుగా వలలాంటి అందమైన నగిషీతో ఉండే కోన్ నత్త తన తొండం కొసన విషపు ముల్లును బాణంలా ప్రయోగిస్తుంది. వెడల్పు కొస పట్టుకుంటే అందదనుకోవడం పొరపాటు. ట్రాలర్ వలల్లో చేపలతో పాటు ఒడ్డుకు వచ్చిన గుల్లలను చూసే పిల్లలకు దీన్ని తప్పక చూపించి చెప్పాలి. కుట్టిన చోటు మొద్దుబారడం, పెదవులు తిమ్మిరెక్కడం, ఊపిరి బరువు కావడం ప్రమాద సూచనలు. దీనికి విరుగుడు మందు లేదు. కుట్టిన చేతిని లేదా కాలిని వెడల్పు గుడ్డతో గట్టిగా చుట్టి, కదలకుండా కట్టి, కోయడం, పీల్చడం వంటివి చేయక, శ్వాస అందించగల ఆసుపత్రికి ఆలస్యం లేకుండా తీసుకువెళ్లాలి.

ఇసుక కుదురు

తడి ఇసుక మీద, కుండ కింద పెట్టే చుట్టకుదురును ఒకచోట తెంచి అంచు విప్పినట్టున్న వస్తువు కనిపిస్తే, అది ప్లాస్టిక్కూ కాదు, రబ్బరు ముక్కా కాదు. చందమామ నత్త గుడ్లు. ఆడ నత్త ఇసుక రేణువులను తన జిగురుతో అతికి, మధ్యలో గుడ్లను పొదిగి, ఆ పట్టీని తన గుల్ల చుట్టూ తిప్పుతూ ఈ ఆకారం తెస్తుంది. చిన్నతనంలో ఓడలరేవు ఒడ్డున ఇవి మెత్తగా వంగుతున్నాయని మేము విరిచి ఒకరి మీద ఒకరం విసురుకున్నాం. ఒక్కొక్కదానిలో వేల గుడ్లు ఉంటాయని తెలిశాక ఆ ఆట గుర్తు వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కుదురు తడిగా, వంగుతూ, చెక్కుచెదరకుండా ఉంటే గుడ్లు ఇంకా లోపలే ఉన్నాయి. దానిని పైకెత్తకుండా, పక్కన మోకరిల్లి, వెనుక నుంచి టార్చి వెలుతురు పడేలా చూస్తే ఇసుక రేణువుల మధ్య పాలిపోయిన చుక్కలు కనిపిస్తాయి. ఎండకు ఆరితే అది పెళుసై పొడి అవుతుంది, గుడ్లూ పోతాయి. కాబట్టి ఒడ్డు పైభాగానికి కొట్టుకొచ్చి ఇంకా తడి ఆరనిది దొరికితే, అరచేతిలో పరచి తీసుకెళ్లి, ఆటు వేళ కూడా నీరు నిలిచే గుంటలో ఉంచండి. అంచులు వాటంతటవే విరిగి రాలిపోతున్న కుదురు అయితే పిల్లలు బయటపడ్డాయన్నమాట. చాలా జాతుల్లో ఆ పిల్లలు నత్తల్లా ఉండవు. సన్నని వెంట్రుకలు కదిలిస్తూ కొన్నాళ్లు నీటిలో తేలి, తరువాతే గుల్ల బరువెక్కి అడుగుకు దిగి ఇసుకలో చేరతాయి. కుదురు చూసిన తేదీ, తిథి, చోటు రాసుకొని, వారం వారం అదే చోటికి వెళ్లి అది ఎప్పుడు రాలిందో గుర్తుపెట్టండి. ఒకటి రెండు నెలల తరువాత అదే ఇసుకను జల్లెడ పట్టి చూసేటప్పుడు, బియ్యపు గింజంత గుల్లలను కూడా భూతద్దం కింద పెట్టండి. వాటిలో కొన్నింటికి సూదిమొనంత చిల్లు, అదే గరాటు వాలుతో, ఉంటుంది.